చొక్కా పెట్టెలో పిల్లి

కుట్టుపని మాస్టరమ్మ తెచ్చిన అట్టపెట్టె డిటెక్టివు బల్లమీద నీళ్ళు కార్చడం మొదలుపెట్టింది. కొత్త చొక్కాలు మడిచి ఇచ్చే పెట్టె అది. కాగితాలు తడిసిపోతాయని గుమస్తా దాన్ని పక్కకు జరపబోతే ఆమె కయ్యిమంది.

"ముట్టుకోకండి! అందులో ఉన్నది శవం."

గుమస్తా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఎవరిదమ్మా?" అన్నారు నిదానం గారు, కుర్చీలోంచి కదలకుండానే.

"మా గుండీది. నా పిల్లి. నా కోడలే విషం పెట్టి చంపింది."

ఆ వీధిలో ఆ డిటెక్టివును అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. నడక నిదానం, మాట నిదానం, టీ తాగడం మరీ నిదానం. అంచేత నిదానం గారయ్యారు. ఆ నిదానం వెనక బుర్ర ఎంత వేగంగా తిరుగుతుందో గుమస్తాకు తెలుసు. బీమా ఆఫీసులో కాగితాలు నకలు రాసుకుంటూ బతికిన ఆ మనిషి, ఆయన ఒక కేసు విప్పడం కళ్ళారా చూసి, ఉద్యోగానికో దండం పెట్టి ఆయన వెంటపడ్డాడు. ఉద్యోగం వదిలినా గుమస్తా అన్న పేరు మాత్రం అతన్ని వదల్లేదు.

నిదానం గారు మూత తీశారు. ఐసు సంచుల మధ్య రాగిరంగు పిల్లి ముడుచుకుని ఉంది. ఆయన పెన్సిలు కొనతో దాని పెదవి కాస్త పైకెత్తి చూశారు. చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"విషమని ఎందుకనుకుంటున్నారు?"

"ఇంకేమనుకోవాలండీ? నిక్షేపంలాంటి పిల్లి. ఉన్నట్టుండి వాంతులు. తిండి మానేసింది. మంచం కిందికి దూరి మూలిగి మూలిగి పోయింది. ఆవిడగారి బ్యాగులో తలనొప్పి మాత్రలుంటాయి. మనం వేసుకునే మాత్ర ఒక్కటి చాలట, పిల్లి ప్రాణం తియ్యడానికి. ఆవిడే మావాడితో అంటుంటే నా చెవులతో విన్నాను."

"పోయేముందు మొహం గానీ పాదాలు గానీ వాచాయా?"

"లేదే. ఎందుకు?"

"ఊరికే. ఇంకేం చేసింది మీ కోడలు?"

అంతే, మాస్టరమ్మ గేట్లెత్తేసింది. కోడలికి పిల్లులంటే గిట్టదు, దగ్గరికొస్తే తుమ్ములు. కిటికీలన్నిటికీ వల కొట్టించి గుండీకి గాలాడకుండా చేసింది. ఎవరో అభిమానంతో తెచ్చిన పెద్దపెద్ద తెల్ల లిల్లీపూల గుత్తిని వీధిలో పారేసింది. బట్టల బీరువాలో వేసిన కలరా ఉండలన్నీ ఏరి చెత్తకుండీలో పోసింది. చివరికి, ఒంట్లో బాగాలేని గుండీని బుట్టలో పెట్టుకుని ఎక్కడో వదిలేసి రావడానికి బయల్దేరింది. మాస్టరమ్మే గడప దగ్గర పట్టుకుని బుట్ట లాక్కుంది.

"మీరు తేల్చండి. తేలిన మరుక్షణం అది బట్టలు సర్దుకుని పోవాలి. మావాడు కూడా సరేనన్నాడు."

"సరేనన్నాడా?"

"కాదనలేదు."

"ఈ ఐసెందుకు పెట్టారు?"

"అబ్బాయేమో వెంటనే పాతిపెట్టేద్దామన్నాడు. నేనొప్పుకోలేదు. సాక్ష్యం మట్టిపాలైపోదూ?" అని ముక్కు తుడుచుకుంటూ లేచింది. అంత ఏడుపులోనూ ఆమె వేళ్ళు ఊరుకోలేదు. గుమస్తా కాలరు దగ్గర వేలాడుతున్న దారప్పోగును పుటుక్కున తెంపి, ఉండచుట్టి, చెత్తబుట్టలో వేసి వెళ్ళిపోయింది.

"చూశారా సార్," అన్నాడు గుమస్తా, కాలరు సవరించుకుంటూ, "కోడలు ఎంత రాక్షసో! తుమ్ములొస్తే పిల్లిని చంపుతారా ఎవరైనా?"

"నువ్వు ఈ పెట్టె తీసుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి పో. కోసి చూడమను. సాయంత్రం మాస్టరమ్మ ఇంటికి పోదాం," అన్నారు నిదానం గారు.

*

కింద కుట్టుగది, మేడమీద కాపురం. కుట్టుగదిలో అడుగుపెడితే ఇస్త్రీ ఆవిరి వాసన మొహానికి కొట్టింది. మాస్టరమ్మ మెడలో టేపు వేసుకుని మిషను ముందు కూర్చుంది. గది మధ్య పొడవాటి కటింగ్ బల్ల. దాని ముందు కొడుకు, చేతిలో పెద్ద కత్తెర. మూలనున్న గుడ్డపీలికల గుట్టమీద ముసలి బూడిదరంగు పిల్లి ఒకటి పడుకుని ఉంది. దాని పేరు జేబు. చెవులు వినపడవు పాపం.

నేలమీద ఎక్కడ చూసినా గుండీలు, పీలికలు, సుద్దముక్కలు. దారపు రీళ్ళు మాత్రం ఒక్కటి కూడా బయట లేదు. అన్నీ గోడవారనున్న అద్దాల అలమరలో ఉన్నాయి. అలమరకు గొళ్ళెం వేసి ఉంది. గుమస్తాకు అందులో విశేషమేమీ కనబడలేదు. నిదానం గారు మాత్రం దాని ముందే నిలబడిపోయారు.

"కొత్తదల్లే ఉందే!"

"అబ్బాయి కొన్నాడండీ," అంది మాస్టరమ్మ. "ఆవిడ బుట్ట పట్టుకుని బయల్దేరిన రోజు పొద్దున్నే తెచ్చాడు. రీళ్ళు దుమ్ము కొట్టుకుపోతున్నాయట. నా చేతికి అందేలా బల్లమీద పరుచుకోవడం నాకు అలవాటు, ఇప్పుడు దారం కావాలంటే లేచి వెళ్ళాల్సొస్తోంది. నడుం పడిపోతోందనుకోండి."

కొడుకు తలెత్తలేదు. కత్తెర గుడ్డమీద కరకరమంటూ సాగింది.

"గుండీ ఒంట్లో బాగాలేదని మొదట కనిపెట్టింది ఎవరు?"

"ఆవిడే. 'అత్తయ్యా, నిన్నట్నుంచీ తినడం లేదు, కక్కుతోంది, డాక్టరుకి చూపిద్దాం' అంది. తనే పెట్టింది కాబట్టి తనకే తెలుస్తుంది. ఒళ్ళు నాక్కుంటుంది కదా, కడుపులో బొచ్చు ఉండకట్టి ఉంటుంది, అదే పోతుంది అన్నాన్నేను."

"తరవాత?"

"ఆ మధ్యాహ్నం నా ఒళ్ళోనే పడుకుంది. నేను చేత్తో గుండీలు కుడుతున్నాను. ఉన్నట్టుండి ప్రాణం పోయినట్టు అరిచి, నా చెయ్యి గీరేసి, మేడమీదికి పారిపోయింది. విషం అప్పుడే పనిచెయ్యడం మొదలెట్టిందన్నమాట!" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది."

"అప్పుడు మీ కోడలెక్కడుంది?"

"పుస్తకాల షాపులో. దాని ఉద్యోగం అక్కడేగా."

"ఈ గదిలో ఎవరున్నారు?"

"నేనూ, వీడూ."

నిదానం గారు కొడుకు వైపు తిరిగారు. "నువ్వేం చూశావు బాబూ?"

"నేనేం చూడలేదండీ. గుడ్డ కోస్తున్నాను."

"అరుపు వినపడలేదా?"

"వినపడింది. అప్పుడు తలెత్తాను. అప్పటికే పారిపోయింది."

"మర్నాడు నీ భార్య పిల్లిని బుట్టలో పెట్టుకుని బయల్దేరినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే."

"ఏమన్నావు?"

కత్తెర ఆగింది. "ఆడవాళ్ళ మధ్య మనమేమంటామండీ."

కోడలు మేడమీద గదిలో ఉంది. మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. సగం బట్టలు సర్ది ఉన్నాయి. కళ్ళు ఉబ్బి ఉన్నా గొంతు గట్టిగానే ఉంది.

"నేనేం చెప్పినా అబద్ధమేగా? మీరే తేల్చండి. తేలకుండా మాత్రం నేనీ గడప దాటను. పిల్లిని చంపిన మనిషినని పేరు వేసుకుని పుట్టింటికి ఏ మొహంతో వెళ్ళను? పేరు చెరిగిపోతే ఇక్కడే ఉంటాను. ఈ ఇల్లంటే నాకేం కోపం లేదు."

"పిల్లులంటే?"

ఆమె తుమ్మింది. తుమ్మి, చప్పున నవ్వేసింది. "గుండీ రోజూ నా దిండు మీదే పడుకునేదండీ. తుమ్ముకుంటూనే పడుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. అత్తయ్య బాధపడుతుంది, తన దగ్గర పడుకోవడం లేదని."

"మీ ఆయనకు తెలుసా?"

"పక్కనే పడుకుంటాడు కదండీ. ఎందుకు తెలీదు!"

మెట్లు దిగుతున్నప్పుడు గుమస్తా మొహం మాడిపోయి ఉంది. పొద్దున తను ఆమెను రాక్షసి అన్న మాటే బుర్రలో తిరుగుతోంది.

*

పశువుల డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చి స్టూలు మీద కూర్చుంది. మొహమాటం లేని మనిషి. కోపం వస్తే దాచుకోదు, ఆ రోజు బాగా వచ్చి ఉంది.

"విషం లేదు, గిషం లేదు. తలనొప్పి మాత్ర మింగిన పిల్లికి చిగుళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి, మొహం ఉబ్బుతుంది. దీనికి అవేం లేవు. దీన్ని చంపింది దారం."

"దారమా!" అన్నాడు గుమస్తా.

"గుండీలు కుట్టే గట్టి నైలాను దారం. పిల్లి నాలుకమీద లోపలికి తిరిగిన ముళ్ళుంటాయి. నోట్లో పడ్డ దారాన్ని ఉమ్మలేదు, మింగాల్సిందే. ఒక కొన నాలుక మొదట్లో మెలికపడి ఇరుక్కుంది. రెండో కొన పేగుల్లోంచి కిందిదాకా పోయింది. పైకొన కదలదు కదా, అందుకని పేగే దారం మీదికి ఎక్కుతుంది, పరదా గుడ్డ నాడామీదికి కుచ్చులు పడ్డట్టు. అప్పుడే వాంతులు, తిండి మానెయ్యడం."

"అంతటితో చచ్చిపోయిందంటారా?" అన్నారు నిదానం గారు.

"లేదండీ! అదే నా కడుపుమంట. ఆ దశలో తెస్తే కోసి తీసేదాన్ని, హాయిగా బతికేది. కింది కొన వెనకనుంచి బయటికి వచ్చి వేలాడి ఉంటుంది. ఎవరో పట్టుకుని లాగారు. తెగిన చోట పీచు లేచి ఉంది, కత్తెరతో కోస్తే అలా ఉండదు. బిగిసిన దారం పేగును లోపల్నుంచి నాలుగైదు చోట్ల కోసేసింది. పిల్లి వెనక దారం కనిపిస్తే ముట్టుకోకూడదు. లాగకూడదు. అలాగే తీసుకొచ్చేయాలి. ఎన్నిసార్లు మొత్తుకున్నా వినరు. లాగాక కూడా మర్నాడు తెచ్చినా ప్రయత్నించేదాన్ని." ఆమె బల్లమీది ఫోను వైపు చూపించింది. "మర్నాడు తీసుకొస్తానని ఒకమ్మాయి ఫోన్ చేసింది కూడా. పుస్తకాల షాపులో పనిచేస్తుందే, ఆ అమ్మాయి. రాలేదు."

"ఆ అమ్మాయి మీకు తెలుసా?"

"తెలియకేం? నెలకోసారైనా వస్తుంది. కిటికీలకి వల కొట్టమంది నేనే, మేడమీంచి పడి కాళ్ళు విరిగిన పిల్లులు ఎన్నో వస్తాయి. ఆ బాకాల్లాంటి లిల్లీపూలు ఇంట్లో ఉంచొద్దంది నేనే, పుప్పొడి ఒంటికంటుకుని నాక్కున్నా మూత్రపిండాలు పోతాయి. కలరా ఉండలూ అంతే. పిల్ల అన్నీ బుద్ధిగా చేసింది. దారాల సంగతి కూడా చెప్పాను. 'అవి అత్తయ్యవండీ, వాటి జోలికెళ్తే ఊరుకోదు, మా ఆయనతో చెప్పిస్తాను' అంది."

బయటికొచ్చాక గుమస్తా ఆగలేకపోయాడు. "అయితే లాగింది ఎవరు సార్?"

"లాగింది ఎవరో తేలికే. నువ్వు పొద్దున కాలరు సవరించుకున్నప్పుడే చెప్పొచ్చు. దానికంటే చెడ్డపని చేసినవాడు వేరే ఉన్నాడు."

ఆ రాత్రి ఆయన తన చొక్కా కఫ్ దగ్గర కుట్టు ఒకటి పిన్నుతో వదులుచేసి, జానెడు దారం వేలాడేలా వదిలేశారు. గుమస్తా కత్తెర తేబోతే వద్దన్నారు.

*

మర్నాడు పదకొండింటికి అందరూ కుట్టుగదిలో చేరారు. మాస్టరమ్మ మిషను ముందు, ఆమె పక్కనే కుర్చీ లాక్కుని నిదానం గారు. కొడుకు కటింగ్ బల్లకు ఆనుకుని నిలబడ్డాడు. కోడలు తలుపు దగ్గర, కాళ్ళ పక్కన సూట్‌కేసు. బయట మబ్బు పట్టి, గదిలో లైటు వెయ్యాల్సి వచ్చింది.

"ఏం తేలిందండీ?" అంది మాస్టరమ్మ.

"విషం కాదని తేలిందమ్మా." ఆయన చెయ్యి మిషను బల్లమీద పెట్టి, డాక్టరమ్మ చెప్పినవన్నీ ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టారు. కిటికీ వలలు, పూలు, కలరా ఉండలు, బుట్ట. బుట్ట ఎక్కడికి బయల్దేరిందో చెప్పేసరికి మాస్టరమ్మ మొహం ఎర్రబడింది.

"డాక్టరు దగ్గరికా? మరి ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా!"

"చెప్పాను అత్తయ్యా. వదిలేసి రావడానికి సాకులు చెప్తున్నానన్నారు."

"నాకేం తెలుసు మరి? తుమ్ములొస్తాయంటే..." మాస్టరమ్మ గొంతు పెంచింది. ఆమె చూపు కోడలిమీద ఉంది. చెయ్యి మాత్రం తనంతట తాను కదిలింది. నిదానం గారి కఫ్ దగ్గరి దారం చూపుడువేలుకు ఒక్క చుట్టు తిప్పుకుని, సర్రున లాగి, పుటుక్కున తెంపి, ఉండచుట్టి బల్ల కింది బుట్టలో పడేసింది. "...నేనే కాదు, ఎవరైనా అలాగే అనుకుంటారు!"

గుమస్తా గుడ్లప్పగించి చూశాడు.

"ఇప్పుడు మీరేం చేశారమ్మా?" అన్నారు నిదానం గారు.

"ఏం చేశాను? మాట్లాడుతున్నాను."

"మీ చెయ్యి ఏం చేసిందని అడుగుతున్నాను."

ఆమె ఆయన కఫ్ చూసింది. బుట్ట చూసింది. ఏమీ అర్థంకానట్టు మళ్ళీ ఆయన మొహం చూసింది.

"దారం వేలాడితే మీకు కనబడదు, మీ వేళ్ళకి కనబడుతుంది. ఇన్నేళ్ళ పని అది, మీ తప్పనలేను. గుండీ ఒళ్ళో పడుకుంది. చేతిలో సూది. దాని తోక కింద దారం కొన వేలాడుతోంది. అది అరిచింది మీరు లాగినప్పుడమ్మా. మీ పిల్లి పేగులు కోసింది ఆ దారమే."

మాస్టరమ్మ తన కుడిచేతిని పైకెత్తి, అది ఎవరి చెయ్యో అన్నట్టు తిప్పితిప్పి చూసుకుంది.

"ఏదో పోగు అంటుకుందనుకున్నాను," అంది. "లాగితే రాలేదు. గట్టిగా లాగాను. అయ్యో తల్లీ! అయ్యో! నా ఒళ్ళో పడుకున్నదాన్ని..."

కోడలు ఒక్క అంగలో వచ్చి ఆమె భుజాలు పట్టుకుంది. ముందుగా ఏడ్చింది కోడలే. చెప్పొద్దూ, కేసు అక్కడితో ముగిసిపోతే బాగుండునని గుమస్తాకు ఎంతగానో అనిపించింది.

"ఇంకొకటుంది," అన్నారు నిదానం గారు. "ఈ ఇంట్లో విషం మాట పుట్టకముందే దారాన్ని చూసి భయపడ్డ మనిషి ఒక్కడే. రీళ్ళన్నీ గొళ్ళెం వేసి దాచాడు, ముసలిపిల్లికి కూడా అదే గతి పడుతుందని. కోసి చూడకముందే పాతిపెట్టేద్దామన్నాడు. ఏం బాబూ?"

కొడుకు బల్లమీది సుద్దముక్క తీసుకుని వేళ్ళతో నలిపాడు. తెల్లటి పొడి రాలింది.

"అమ్మ తట్టుకోలేదండీ," అన్నాడు చివరికి. "గుండీ అంటే ప్రాణం తనకి. తన చేత్తోనే అని తెలిస్తే..."

కోడలు అత్తగారి భుజాలు వదిలేసింది. మెల్లగా అతని వైపు తిరిగింది.

"మీరు చూశారా? లాగుతుంటే చూశారా?"

అతను చేతులకంటిన సుద్దపొడి దులుపుకున్నాడు.

"మర్నాడు నేను బుట్ట పట్టుకుని ఇదే గడప దగ్గర నిలబడ్డాను. అది బతికే ఉంది. బుట్టలోంచి నా వేలు నాకుతోంది. అత్తయ్య నన్ను నానా మాటలూ అంటోంది. మీరు ఆ బల్ల దగ్గరే ఉన్నారు. 'పోనీయమ్మా' అని ఒక్క మాట అంటే చాలుగా! దారం సంగతి చెప్పొద్దు, ఏమీ చెప్పొద్దు. 'పోనీయమ్మా' అంటే చాలుగా!"

"గొడవ పెద్దదవుతుందని..."

"అత్తయ్య తట్టుకోలేదు. మరి నేను తట్టుకుంటాననుకున్నారా?"

అతను తల వంచుకున్నాడు. ఆమె ఆ తల వంక కాసేపు చూసింది.

"అనుకున్నారు," అంది.

మాస్టరమ్మ లేచి తడుముకుంటూ వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. "నన్ను తిట్టమ్మా. కొట్టు. ఏ శిక్షయినా వెయ్యి. వెళ్ళకు. ఈ ఇల్లు నీది. నేనే చెప్తున్నాను కదా, ఉండు."

"మీమీద నాకిప్పుడు కోపం లేదు అత్తయ్యా. ఉండమని మీరడిగారు. ఇందాకటి దాకా నాకు కావల్సింది అదే." ఆమె చెయ్యి విడిపించుకుని సూట్‌కేసు ఎత్తింది. "ఆయన ఇంకా అడగలేదు."

గడప దగ్గర ఆగింది. నిజంగానే ఆగింది. గుమస్తా ఆ తరవాత చాలా రోజులు ఆ సంగతే చెప్పుకునేవాడు, ఆ పిల్ల ఊరికే నిలబడలేదని, ఒక్క మాటకోసం చెవులు అప్పగించి నిలబడిందని. నిదానం గారు కూడా కొడుకు వైపే చూస్తున్నారు. మాస్టరమ్మ రెండు చేతులూ జోడించి, "అడగరా! నోరు విప్పరా ఒరేయ్!" అంది.

బయట ఉరిమింది. కొడుకు తలెత్తి కిటికీలోంచి ఆకాశం చూశాడు. నోరు విప్పాడు.

"గొడుగు తీసుకెళ్ళు," అన్నాడు. "వాన వచ్చేలా ఉంది."